మీకు తెలుసా? బొబ్బర్ల వడకు అట్లాంటిక్ దాకా చుట్టాలే!

శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్‌లోనో, విజయనగరం కోట పక్కనో పొద్దున్నే టిఫిన్ బండి దగ్గర నిలబడే అలవాటున్నవాళ్లకి నైజీరియాలోని లాగోస్ ఏమంత కొత్త ఊరు కాదు. అక్కడా బాణలే, అక్కడా చుయ్‌మనే నూనే, అక్కడా కాగితం పొట్లమే! ఆ బాణలిలో వేగేవాటిని అకరాలంటారు. ఏ పప్పుతో చేస్తారో చెప్పుకోండి చూద్దాం. మినప్పప్పు? కాదు. శనగపప్పు? అదీ కాదు. సాక్షాత్తూ మన బొబ్బర్లు!

● బొబ్బర్లు పుట్టిందే ఆఫ్రికాలో! ఘనా దేశం నడిమధ్యన తవ్వకాల్లో సుమారు 3,500 ఏళ్ల నాటి మాడిన బొబ్బర గింజలు బయటపడ్డాయి. అవి మన దేశానికి వచ్చి కూడా వేల ఏళ్లయింది కాబట్టే, మన పొలం గట్టు మీద వాటిని చూసి పరాయి పంట అని ఎవరూ అనుకోరు.

● శ్రీకాకుళానికీ లాగోస్‌కీ మధ్య గాలిదారిన దాదాపు 8,800 కిలోమీటర్లు! గడియారాల్లో తేడా నాలుగున్నర గంటలు. అంటే మన హోటల్లో పదిన్నరకి "టిఫిన్ అయిపోయిందండీ" అంటుంటే, అక్కడ ఆరు గంటలకి అకరాల బాణలి పొయ్యెక్కుతూ ఉంటుందన్నమాట.

● వంద గ్రాముల ఎండు బొబ్బర్లలో సుమారు 24 గ్రాముల మాంసకృత్తులుంటాయి. నాలుగు కోడిగుడ్లు తింటే వచ్చేది కూడా దరిదాపుగా అంతే!

● గారెకి చిల్లుంటుంది, అకరాకి ఉండదు. మరి లోపల పచ్చిగా ఉండిపోదా? కిటుకంతా గిలక్కొట్టడంలో ఉంది. బొబ్బర్లు నానాక రెండు చేతులతో పిసికి, నీళ్లు పోసి, పైకి తేలిన పొట్టంతా వంచేస్తారు. నల్ల కన్ను కూడా మిగలకూడదు! తర్వాత మెత్తగా రుబ్బి, గరిటెతోనో చేత్తోనో చెయ్యి నొప్పెట్టేదాకా గిలక్కొడతారు. బొబ్బర్లలోని మాంసకృత్తులు గాలిని పట్టి ఉంచడంతో పిండి నురగలా ఉబ్బుతుంది. వంటసోడా ఊసే ఉండదు. నూనెలో గరిటెడు జారవిడిస్తే బంతిలా పొంగి, మధ్యదాకా ఉడికిపోతుంది. మన పెద్దవాళ్లు గారెల పిండి కుదిరిందో లేదో చూడటానికి గిన్నెడు నీళ్లలో చిన్న ముద్ద వేస్తారు కదా, అది తేలేది కూడా ఈ గాలి వల్లే.

● ఉప్పు ఎప్పుడు వెయ్యాలన్న విషయంలో లాగోస్ అమ్మమ్మలదీ మన అమ్మమ్మలదీ ఒకటే మాట: బాణలి పొయ్యి మీద పెట్టాకే! ముందే వేస్తే పిండి జారుగా అయిపోయి నూనె తాగేస్తుంది. ఎవరు ఎవరి దగ్గర నేర్చుకున్నారో మరి!

● అకరాకి అంతర్జాతీయ మెరుగులు దిద్దడం నిన్నామొన్నటి ఫ్యాషన్ కాదు. లాగోస్‌లో అకరాని అగేగే అనే రకం బ్రెడ్డు మధ్య పెట్టి నొక్కి తింటారు (అచ్చం వడాపావే!). ఆ ఊళ్లో బ్రెడ్డుకి అంత గిరాకీ తెచ్చినవాడు షాకిల్‌ఫర్డ్ అనే జమైకా మనిషి. 1913లో రైల్వే ఉద్యోగానికి నైజీరియా వచ్చి, తర్వాత బేకరీ పెట్టి, చివరికి "నైజీరియా రొట్టెల రాజు" అనిపించుకున్నాడు.

● ఘనాలో ఇవే వడల్ని కోసే అంటారు. వాటికి తోడు ఏమిటో ఊహించండి... అంబలి! గంటె పిండిని పులియబెట్టి, అల్లం, లవంగాలు, మిరప దట్టించి కాచిన వేడి వేడి జావని అక్కడ హౌసా కోకో అంటారు. మనం అంబలిలో మజ్జిగ పోసి ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ నంజుకుంటాం. వాళ్లు ఆ ఘాటంతా జావలోనే కలిపేస్తారు.

● ఆ గంటెలు కూడా అక్కడివే! మాలి దేశంలో 4,500 ఏళ్ల కిందటే వాటిని సాగుచేసిన ఆనవాళ్లు దొరికాయి. చోళ్లయితే ఇథియోపియా, ఉగాండా కొండల నుంచి దిగొచ్చాయి.

● అలా వచ్చిన చోళ్లకి మన విజయనగరం వ్యవసాయ పరిశోధన కేంద్రం ఏం చేసిందో తెలుసా? "వేగవతి" అనే కొత్త రకం తయారుచేసింది. మామూలు రకాల్లో కిలోకి 25 మిల్లీగ్రాముల ఇనుము ఉంటే ఇందులో ఏకంగా 131 మిల్లీగ్రాములు, అంటే అయిదు రెట్లకి పైమాటే! బొబ్బిలి మీదుగా పారే ఏటి పేరే దీనికి పెట్టారు.

● బొబ్బర్ల ముద్దని వేయించకుండా ఆవిరి మీద ఉడికిస్తే అది మొయిన్ మొయిన్. పాతకాలం పద్ధతిలో దాన్ని ఒక అడవి మొక్క ఆకులో చుడతారు. ఆ ఆకు సంగతి సరే, ఆ మొక్క కాయలో ఉండే థౌమాటిన్ అనే పదార్థం చక్కెర కన్నా సుమారు రెండు వేల రెట్లు తీపి! టీ గ్లాసులో చెంచాడు వేశారంటే ఇక మీ పని అంతే.

● అకరా సముద్రం దాటింది బానిసల ఓడల్లో. బ్రెజిల్‌లోని బహియాకి తరలించిన పశ్చిమాఫ్రికా స్త్రీలు వీధుల్లో ఈ వడలు అమ్మి, యజమానికి కట్టాల్సింది కట్టగా మిగిలిన చిల్లర కూడబెట్టి, కొందరు తమ స్వేచ్ఛని తామే కొనుక్కున్నారు. ఆ దేశంలో బానిసత్వం రద్దయింది 1888లో. అక్కడ అకరజే అని పిలిచే ఆ వడల్ని తెల్లటి లేసు గౌను, తలపాగా, పూసల దండలతో కూర్చుని నేటికీ ఎక్కువగా స్త్రీలే అమ్ముతుంటారు. 2005లో ఆ వృత్తిని బ్రెజిల్ ప్రభుత్వం జాతీయ వారసత్వంగా నమోదు చేసింది. వడలు వెయ్యడం జాతీయ వారసత్వం! ఈ వార్త మన బండి దగ్గర చదివి వినిపించాలనిపిస్తుంది నాకు.

● ఈ వడలమ్మే స్త్రీలు ఫిఫాకే ఎదురు నిలిచారు! 2014 ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు కోసం బహియాలోని సాల్వడోర్ నగర స్టేడియం చుట్టూ రెండు కిలోమీటర్ల మేర బయటి అమ్మకాలు కుదరవనే నిబంధన ముందుకొస్తే, సంతకాలు సేకరించి గొడవ చేసి, చివరికి స్టేడియంలోనే వడలు అమ్మే హక్కు సాధించారు.

● అకరజేని నిలువునా చీల్చి లోపల ఏం కూరుతారో తెలిస్తే ఉద్దానం వాళ్లు ఎగిరి గంతేస్తారు. ఎండు రొయ్యలు, కొబ్బరిపాలు, జీడిపప్పు! జీడిమామిడి సొంతూరు బ్రెజిలే. పోర్చుగీసువాళ్లు దాన్ని మన దేశానికి తెచ్చారు. ఇవాళ ప్రపంచంలో అందరికన్నా ఎక్కువగా జీడిపిక్కలు పండించేదేమో పశ్చిమాఫ్రికాలోని ఐవరీ కోస్ట్. ఆఫ్రికా పిక్కలు పలాస జీడి కార్ఖానాలకీ దిగుతాయి. బ్రెజిల్ చెట్టు, ఆఫ్రికా పిక్క, పలాస పప్పు!

● అకరజే ఎర్రగా మెరిసేది కారం వల్ల కాదు, నూనె వల్ల. శుద్ధి చెయ్యని పామాయిల్‌ది నారింజ ఎరుపు రంగు. క్యారెట్‌కి రంగునిచ్చే కెరోటిన్లే దీనికీ రంగునిస్తాయి. ఆ చెట్టుదీ పశ్చిమాఫ్రికాయే. మన దేశంలో దాని పంటలో మొదటి స్థానం ఎవరిదంటారా? ఆంధ్రప్రదేశ్‌దే!

● మార్టినిక్ దీవిలో ఈ వడకి అక్రా అనే పేరుంది కానీ లోపల బొబ్బర్లు లేవు! వాటి స్థానంలో ఉప్పుచేప, మైదా చేరాయి.

● అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో జనవరి ఒకటిన బొబ్బర్లు తింటే ఏడాదంతా కలిసొస్తుందని నమ్మకం. ఉగాది పచ్చడి గిన్నె మనకున్నట్టు వాళ్లకి బొబ్బర్ల అన్నం.

● గోంగూర కూడా ఆఫ్రికా మొక్కే అంటే గుంటూరు వాళ్లు దెబ్బలాటకి వస్తారు! మనం ఆకు వలుచుకుని పచ్చడి చేసుకుంటే, సెనెగల్ వాళ్లు గోంగూర జాతి మొక్కలోనే ఎర్ర కాయ పైరేకుల్ని మరిగించి, చక్కెర వేసి చల్లగా తాగుతారు. బొబ్బర్ల వడ మీద గోంగూర పచ్చడి కాస్త పులిమి, పక్కన ఆ ఎర్ర షర్బత్ పెట్టుకున్నారంటే పశ్చిమాఫ్రికా టిఫిన్‌కి ఉత్తరాంధ్ర మెరుగు దిద్దినట్టే.

● కంది, పెసర రైతుల్ని ఏడిపించే మారుకా మచ్చల పురుగు నైజీరియా బొబ్బర్లకీ శత్రువే! దాన్ని తట్టుకునేలా జన్యుమార్పిడి చేసిన బొబ్బర్లకి 2019లో అనుమతిచ్చి, ఆ పని చేసిన మొదటి దేశం అనిపించుకుంది నైజీరియా.

● ఒక పొడుపు ప్రశ్న, పిల్లలకి. బొబ్బర్ల వడ, చోడి అంబలి, బెండకాయ వేపుడు, చింతపండు చారు, పచ్చిమిరపకాయ... వీటిలో ఆఫ్రికా మూలం లేనిదేది? తొందరపడకండి. చింత కూడా అక్కడి చెట్టే! జవాబు మిరపకాయ. అది అమెరికా ఖండం నుంచి దిగింది.

● సాల్వడోర్‌లో బాణలి నిండా వడలు వేగుతుంటే వాటి మధ్య పొట్టు తియ్యని ఉల్లిపాయ ఒకటి తేలుతూ ఉంటుంది! అది తినడానికి కాదు, నూనె మాడకుండా చూస్తుందని నమ్మకం. రేపు మీ ఇంట్లో వడలు వేసేటప్పుడు మీరూ ఒకటి పడేసి చూడండి. అమ్మ కేకలేస్తే మాత్రం ఈ పత్రికలో చదివానని చెప్పకండేం!