బట్టకు గుర్తు, పనికి లెక్క

కొన్ని సంవత్సరముల క్రిందట మేము పనిచేసిన యొక వసతిగృహమున ఒక చిన్న సంగతి జరిగినది. ఉతుకునకు పంపిన బట్టలు తిరిగి వచ్చినపుడు ఒక బాలుని చొక్కా కనబడలేదు. అందఱి చొక్కాలును తెల్లనివే. అందఱివియు నొకే గుడ్డతో కుట్టినవే. ప్రక్క మంచము బాలుని పెట్టెలో ఒక చొక్కా యెక్కువగా నుండెను. దొంగ యను మాట యెవరి నోటనో వెడలినది. ఆ బాలుడు రెండు దినములు సరిగా అన్నము తినలేదు. మూడవ దినమున నిజము తెలిసినది. ఇరువురి పేర్లును ఒకే యక్షరముతో మొదలగుటచే ఇరువురి బట్టలకును ఒకే గుర్తు పడినది. మూటలు కట్టునపుడు చొక్కా తాఱుమాఱైనది. తప్పు బాలునిది కాదు. ఉతికినవారి మనస్సునందును కపటము లేదు. తప్పు లెక్కలో నున్నది. మేమును ఆ బాలుని అనుమానముతో ఒక మాట అడిగియుంటిమి. ఆ మాట నేటికిని మాకు బాధ కలిగించుచున్నది.

నేడు పట్టణములందలి లాండ్రీలలో అనేకము ఈ లెక్కను కంప్యూటరునకు అప్పగించుచున్నవి. డొంకూరు మొదలు పలాసవఱకు గల మన గ్రామములలో ఉతుకు, ఇస్త్రీ పనులవలన జీవించు కుటుంబములు కలవు. కావున కంప్యూటరు ఈ పనిలో ఏమి చేయగలదో, ఏమి చేయలేదో బాలబాలికలకును, వారి తలిదండ్రులకును తెలుపదలచితిమి.

ఈ లెక్క మన దేశమునకు క్రొత్తది కాదు. చాకిరేవున అనేక కుటుంబముల బట్టలు కలిసి నానును, కలిసి ఉడుకును, కలిసి ఆరును. అయినను సాయంకాలమునకు ఎవరి మూట వారి యింటికి చేరును. దీనికి మూలము చాకలి గుర్తు. నల్లజీడి గింజ రసముతో బట్ట యంచున చుక్కలో గీతలో పెట్టి, దానిపై సున్నము తాకింతురు. ఆ నలుపు ఎన్ని ఉతుకులకును పోదు. మన ఉద్దానపు జీడిమామిడియు, ఈ నల్లజీడియు ఒకే వృక్షకుటుంబములోనివి. జీడిపిక్కల పెంకులోని నూనె చేతులను పొక్కించునని పలాస పనివారికి తెలియును. నల్లజీడి రసమును అట్టిదే. రెండవ ప్రపంచ యుద్ధకాలమున మన దేశమునకు వచ్చిన అమెరికా సైనికులలో కొందఱకు చొక్కాపై గుర్తు తగులు చోట చర్మము పొక్కగా, కారణము ఆ గుర్తే యని వైద్యులు 1943లో ప్రకటించిరి. పేరు తెలియని శవము దొరకినపుడు పోలీసువారు బట్టమీది చాకలి గుర్తునుబట్టి మనిషిని కనుగొన యత్నించుటయు కలదు.

గుర్తు బట్టమీద నున్నను, దాని యర్థము ఒక మనిషి జ్ఞాపకములో నుండెను. ఇండ్లు ఇరువదియైనపుడు జ్ఞాపకము చాలును, ఇన్నూఱైనపుడు చాలదు. ఆ మనిషి జబ్బుపడినయెడల ఆ గుర్తులను చదువగలవారే యుండరు. ఈ లోపమును తీర్చునదే సాఫ్ట్‌వేరు. కంప్యూటరు ఏ వరుసలో ఏమి చేయవలయునో ముందుగా వ్రాసియుంచిన ఆజ్ఞల సముదాయమునకే సాఫ్ట్‌వేరని పేరు.

నల్లజీడి గుర్తునకు బదులు ఇప్పుడు చీటిమీద గీతల గుర్తు అచ్చువేయుదురు. దీనినే బార్‌కోడు అందురు. అమెరికాలో ఉడ్‌లాండు, సిల్వరు అను ఇరువురు 1952లో దీనికి హక్కుపత్రము పొందిరి. 1974 జూన్ 26న ఒహాయో రాష్ట్రమందలి ట్రాయ్ పట్టణములో, అంగడిలోని యొక చూయింగ్ గమ్ పొట్లముమీది గీతలను యంత్రము మొదటిసారి చదివినది. అంగళ్లలో డబ్బు చెల్లించుటకు మనము ఫోనుతో చూచు చదరపు క్యూఆర్ గుర్తు 1994లో జపానునందు పుట్టినది. పెద్ద లాండ్రీలలో చీటికి బదులు, రేడియో తరంగములతో తన సంఖ్యను తెలుపు చిన్న బిళ్లను బట్టలోనే కుట్టుదురు.

ఇక పని జరుగు విధము. బట్టలు రాగానే యజమాని పేరు, ఫోను సంఖ్య, బట్టల సంఖ్య, ఇచ్చిన తేది వ్రాసి, ఒక్కొక్క బట్టకు ఒక్కొక్క చీటి తగిలింతురు. మచ్చయో చినుగో ముందే యున్నయెడల దానినిగూడ అప్పుడే వ్రాయుదురు. రంగు దిగునవి, తెల్లనివి, పట్టువి, ఉన్నివి వేఱుచేయుట రెండవ మెట్టు. అటుపిమ్మట ఉతుకుట, ఆరబెట్టుట, ఇస్త్రీ, మూట కట్టుట, తిరిగి యిచ్చుట. ప్రతి మెట్టునను చీటిని యంత్రమునకు చూపగానే, ఆ బట్ట ఎవరి చేతినుండి ఏ గడియలో ముందునకు సాగెనో కంప్యూటరు వ్రాసికొనును. ఎనిమిది బట్టలు వచ్చి, మూటలో ఏడే యున్నయెడల అది వెంటనే తెలియజేయును. ఎనిమిదవది ఏ మెట్టున నిలిచెనో చూచినచో, వెదకవలసిన చోటు తెలియును. ఎవరినిగాని దొంగ యన నక్కఱలేదు.

రెండవ ప్రయోజనము లెక్కల తరగతికి చెందినది. ఒక దుకాణములో 10 కిలోల యంత్రమున్నదనుకొందము. దినమునకు 6 విడతలు వేసిన 60 కిలోలు ఉతుకవచ్చును. కిలోకు 4 బట్టలచొప్పున 240 బట్టలగును. ఇస్త్రీ చేయువారు ఇద్దఱు. ఒక్కొక్కరు గంటకు 15 బట్టలచొప్పున 7 గంటలు చేసిన 210 బట్టలగును. దినమునకు 30 బట్టలు మిగులును. 6 దినములకు 180. బట్టలు ఆలస్యమగుచున్నవని యజమాని అప్పుచేసి రెండవ ఉతుకు యంత్రము కొన్నయెడల ఏమగును? ఇస్త్రీ బల్లవద్ద కుప్ప మఱింత పెరుగును, అప్పు మిగులును. మూడవ మనిషిని ఇస్త్రీకి పెట్టిన 315 బట్టలు సాగును, కుప్ప తఱుగును. పని ఎచ్చట నిలుచుచున్నదో కంటికి చూపుటయే సాఫ్ట్‌వేరు చేయు ఉపకారము.

పొరపాటు ప్రాణమునకే ముప్పగు చోట్లును కలవు. పలాసలో 2023 డిసెంబరున మూత్రపిండ వ్యాధులకై పెద్ద ఆసుపత్రి ప్రారంభమైనది. అట్టి చోట్ల రక్తము తగిలిన దుప్పట్లు ఇతర బట్టలతో కలియరాదు. వేడినీట ఉతుకు పద్ధతిలో 71 డిగ్రీల సెల్సియస్ నీటిలో కనీసము 25 నిమిషము లుంచవలయునని అమెరికా ఆరోగ్యశాఖవారి సూచన. ఏ దుప్పటి ఏ విడతలో ఎంత వేడికి ఉతుకబడెనో వ్రాతలో నుండినగాని, జరిగినదని నమ్ముటెట్లు?

అయితే సాఫ్ట్‌వేరు చేయలేని పనులును కలవు. అది మురికి వదల్పదు. పట్టుచీరను చేతితో తాకి దాని తత్త్వము తెలిసికొనలేదు. మనము తప్పు వ్రాసిన, ఆ తప్పునే భద్రముగా దాచును. విద్యుత్తు లేనిచో మూగయగును. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మన తీరమును తాకినపుడు అనేక గ్రామములు దినములకొలది చీకటిలో నుండెను. కావున సంఖ్య వేసిన కాగితపు రసీదును మానరాదు. లెక్క ప్రతిని వేఱొకచోటను దాచవలయును. ఇంకొక సంగతి. ఆలస్యము కనబడగానే కూలి కోయు యజమాని యెదుట పనివారు నిజము వ్రాయుదురా? లెక్క దీపముగా నుండవలయునుగాని కొరడాగా నుండరాదు.

చిన్న దుకాణమునకు ఖరీదైన సాఫ్ట్‌వేరు అవసరము లేదు. ఫోనులో ఒక పట్టిక చాలును: రసీదు సంఖ్య, పేరు, బట్టల సంఖ్య, తేది, ప్రస్తుతపు మెట్టు, రావలసిన పైకము. ఇండ్లలో ఈ పనిగల బాలబాలికలారా! సాయంకాలమున ఒక అరగంట కూర్చుండి తలిదండ్రులకు ఈ పట్టిక వ్రాసియిండు. గుర్తులు పెట్టుటలో వారి తెలివి మీ తెలివికంటె పాతది; వారిని అడిగి నేర్చుకొని వ్రాయుడు. ఇతరుల ఫోను సంఖ్యలను మాత్రము ఎవరికిని చెప్పకుడు.

ఆ చొక్కా తిరిగి తన యజమానికి చేరినది. అనుమానింపబడిన బాలుడు మాత్రము ఆ సంవత్సరమంతయు తన బట్టలు తానే ఉతుకుకొనెను. ఒక్క గుర్తు సరిగా పడియున్న, వానికి ఆ యవసరము వచ్చియుండదు.