డాక్టరేటుకు ముందు ఒక ప్రశ్న

మన సంఘాలు, డయాసిస్‌లు నడుపుతున్న పాఠశాలల్లో ప్రధానోపాధ్యాయులుగా, కరస్పాండెంట్లుగా ఉన్నవారిలో పై చదువు మీద మనసున్నవారు చాలామందే ఉన్నారు. ఎం.ఎడ్. ఎప్పుడో పూర్తయింది, ఉద్యోగంలో పదిహేను ఇరవై ఏళ్ళు గడిచాయి, ఇక పీహెచ్‌డీ చేస్తే ఎలా ఉంటుంది? చేస్తే పాఠ్యప్రణాళిక, బోధన అనే రంగంలో చేయవచ్చా? సెలవు దొరుకుతుందా? ఈ సందేహాలకు తెలిసినంతలో సూటిగా జవాబు చెప్పడమే ఈ వారం సంపాదకీయం ఉద్దేశం. మా అభిప్రాయం ముందే చెబుతాం. మీ బడి మిమ్మల్ని వదలకుండా అడుగుతున్న ప్రశ్న ఒకటి ఉంటే ఈ చదువుకు పూనుకోండి. పేరుకు ముందు ఒక అక్షరం, ఒక చుక్క చేరడం కోసమే అయితే ఆ సమయం పిల్లలకు ఇవ్వండి.

సిలబస్ అంటే చెప్పవలసిన పాఠాల పట్టిక. పాఠ్యప్రణాళిక అంతకంటే పెద్దది. ఏ పిల్లలకు, ఏ ఉద్దేశంతో, ఏది ముందు, ఏది తర్వాత, ఎంత లోతుగా నేర్పాలి, ఏది వదిలేయాలి అన్న నిర్ణయాలన్నీ అందులోకి వస్తాయి. ఆ నిర్ణయం తరగతి గదిలో అమలయ్యే తీరే బోధన. అమెరికా విశ్వవిద్యాలయాల్లో ఈ రెండింటినీ కలిపి ప్రత్యేక డాక్టరేటుగా చదువుతారు. మన దగ్గర సాధారణంగా విద్యాశాస్త్రంలో పీహెచ్‌డీకి చేరి, అందులో ఈ అంశాన్ని పరిశోధనకు ఎంచుకుంటారు.

ఈ రంగంలో నేటికీ అందరూ తిరిగి చూసే చిన్న పుస్తకం ఒకటుంది. చికాగో విశ్వవిద్యాలయ ఆచార్యుడు రాల్ఫ్ టైలర్ దాన్ని 1949లో ప్రచురించారు. ఆయన చెప్పినదాన్ని మన మాటల్లో నాలుగు ప్రశ్నలుగా పెట్టుకోవచ్చు. ఈ బడి పిల్లల్లో ఏ మార్పు కోరుతోంది? ఆ మార్పు రావడానికి పిల్లలు ఏ అనుభవాల గుండా వెళ్ళాలి? ఆ అనుభవాలను ఏ వరుసలో అమర్చాలి? అనుకున్నది జరిగిందో లేదో ఎలా తెలుసుకోవాలి?

మనకు బాగా తెలిసిన నీతిబోధ పీరియడ్‌ను ఈ నాలుగు ప్రశ్నల ముందు నిలబెట్టి చూద్దాం. ఆ పీరియడ్ ఉద్దేశం ఏమిటి? పిల్లలకు కథలు తెలియడమా, అబద్ధం ఆడకుండా ఉండడమా, తోటివాడి కులం అడగకుండా వాడి పక్కన కూర్చుని అన్నం తినడమా? చివరిదే అయితే, పుస్తకంలో ఖాళీలు పూరించే అభ్యాసంతో అది అలవడుతుందా? ఆరో తరగతిలో చెప్పినదాన్నే తొమ్మిదిలోనూ చెబుతున్నామా, వయసుతోపాటు లోతు పెంచుతున్నామా? పరీక్షలో పదికి పది తెచ్చుకున్న పిల్లవాడు ఆటస్థలంలో బలహీనుణ్ణి నెట్టేస్తుంటే, మన మార్కులు దేన్ని కొలిచినట్టు?

దీనికి చట్టం వైపు కూడా ఉంది. రాజ్యాంగం 30వ అధికరణం మైనారిటీలకు విద్యాసంస్థలు స్థాపించి నడుపుకొనే హక్కు ఇచ్చింది. ప్రభుత్వ గుర్తింపు లేదా సహాయం పొందే సంస్థలో ఏ విద్యార్థినీ మతబోధకు హాజరు కావాలని బలవంతం చేయరాదని, మైనరైతే సంరక్షకుల సమ్మతి ఉండాలని 28వ అధికరణం చెబుతోంది. మన బడుల్లో ఇతర విశ్వాసాల కుటుంబాల పిల్లలు ఎందరో చదువుతున్నారు. వారి మనస్సాక్షిని గౌరవిస్తూనే మన విలువలను నిజాయితీగా అందించే పాఠ్యప్రణాళిక ఎలా ఉండాలి? ఒక ప్రధానోపాధ్యాయిని నాలుగేళ్ళు కష్టపడి దీనికి జవాబు వెదికితే, ఆ ఫలితం మన పాఠశాలలన్నిటికీ పనికొస్తుంది.

ఇలాంటి ప్రశ్నలు ఇంకా ఉన్నాయి. 2020–21 నుంచి మన రాష్ట్ర పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీలో తెలుగు, ఎదుటి పేజీలో ఇంగ్లీషు వస్తున్నాయి. మన ఉపాధ్యాయులు ఏ పేజీ నుంచి చెబుతున్నారు, పిల్లలకు ఏ పేజీతో అర్థమవుతోంది? సార్వా నాట్లప్పుడు, దాళ్వా కోతలప్పుడు కూలికి వెళ్ళే తల్లిదండ్రుల పిల్లలు బడికి రాకపోతే, వారు పోగొట్టుకున్న పాఠం మళ్ళీ ఎప్పుడు దొరుకుతుంది? గైడు దగ్గరకు అంశం అడగడానికి వెళ్ళేవారు ముందు తమ హాజరు పట్టీ తిరగేసుకోవాలి. అంశం అందులోనే ఉంటుంది.

ఇటువంటి నిర్ణయాలు ఈ డెల్టాకు కొత్త కావు. చర్చ్ మిషనరీ సొసైటీ తరఫున రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ 1841లో బందరు చేరారు. ఫాక్స్ ఊళ్ళు తిరిగి సువార్త చెప్పే పని ఎంచుకున్నారు. నోబుల్ బడి పెట్టాలని వచ్చినా, రాగానే పెట్టలేదు. ముందు తెలుగు నేర్చుకున్నారు. 1843లో బడి తెరిచి, 1865లో బందరులోనే కన్నుమూసే వరకు దాన్నే అంటిపెట్టుకున్నారు. నేటి నోబుల్ కళాశాలకు మూలం అదే. పిల్లల భాష తెలియకుండా పాఠం చెప్పకూడదన్న ఆ పట్టుదల నేటి హెడ్మాస్టర్లకు ఆదర్శం.

అయితే ఆయన ఆ బడిని ఉన్నత కులాల పిల్లలను ఉద్దేశించి పెట్టారన్నదీ చరిత్రే. తర్వాతి దశాబ్దాల్లో ఈ ప్రాంతంలో సంఘంలోకి వచ్చినవారిలో అత్యధికులు మాల, మాదిగ పల్లెలవారు. వారి పిల్లలకు పల్లెల్లో వేరే బడులు కావలసి వచ్చాయి. బడి ఎవరి కోసమన్నది పాఠ్యపుస్తకంలో కనబడదు, అడ్మిషన్ రిజిస్టరులో కనబడుతుంది. మన సంఘాల్లోనే కూలి చేసుకునే కుటుంబాల పిల్లలు ఈనాడు మన ఇంగ్లీషు మీడియం బడుల్లో ఎందరున్నారు? చేరినవారిలో పదో తరగతి దాకా నిలిచినవారు ఎందరు? మనం లెక్క తీయడానికి వెనుకాడే ప్రశ్న ఇది. పరిశోధన అంటే ఆ లెక్క తీయడమే.

ఇక నిబంధనలు. ప్రస్తుతం వర్తించేవి యూజీసీ 2022లో ప్రకటించిన పీహెచ్‌డీ నిబంధనలు. పీజీలో 55 శాతం మార్కులుండాలి. ఎస్సీ, ఎస్టీ, నాన్ క్రీమీలేయర్ ఓబీసీ, దివ్యాంగ, ఈడబ్ల్యూఎస్ అభ్యర్థులకు 5 శాతం సడలింపు ఉంది. విద్యాశాస్త్రంలో సాధారణంగా ఎం.ఎడ్. లేదా ఎం.ఏ. ఎడ్యుకేషన్ అడుగుతారు. ప్రవేశం నెట్ స్కోరుతో గాని, ప్రవేశ పరీక్షతో గాని ఉంటుంది. రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు ఏపీ ఆర్‌సెట్ నిర్వహిస్తున్నారు. విజయవాడ, గుంటూరు మధ్య జాతీయ రహదారి పక్కనే ఉన్న ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం మనవారికి దగ్గర. ఏ ఏడాదికి ఆ ఏడాది నోటిఫికేషన్ చదువుకోవాలి.

చేరాక కనీసం 12 క్రెడిట్ల కోర్సు వర్క్ ఉంటుంది. కనీస కాలం మూడేళ్ళు, గరిష్ఠం ఆరేళ్ళు. తిరిగి రిజిస్టర్ చేసుకుంటే మరో రెండేళ్ళు దొరుకుతాయి. మహిళలకు, 40 శాతానికి మించి వైకల్యం ఉన్నవారికి అదనంగా ఇంకో రెండేళ్ళ వెసులుబాటుతో మొత్తం పదేళ్ళు. ఉద్యోగం చేస్తూ పార్ట్‌టైమ్‌గా చదవవచ్చు. అయితే యాజమాన్యం నిరభ్యంతర పత్రం ఇవ్వాలి. పరిశోధనకు సమయం దొరుకుతుందనీ, అవసరమైతే కోర్సు వర్క్‌కు విధుల నుంచి పంపుతామనీ అందులో రాయాలి. దూరవిద్యలోనో, ఆన్‌లైన్‌లోనో చేసే పీహెచ్‌డీని యూజీసీ నిబంధనలు ఒప్పుకోవు. విదేశీ సంస్థలతో కలిసి ఆన్‌లైన్ పీహెచ్‌డీ ఇప్పిస్తామనే కంపెనీల ప్రకటనలు నమ్మవద్దని యూజీసీ, ఏఐసీటీఈ హెచ్చరించాయి కూడా.

ఈ హెచ్చరిక మన మధ్య గట్టిగా వినబడాలి. ఏలూరు రోడ్డు మీద కూటాల ఫ్లెక్సీలు చూడండి, డాక్టరు కాని బోధకుడు అరుదు. డబ్బు కట్టించుకుని, సన్మాన సభ పెట్టి, గౌను తొడిగి పంపే సంస్థలు ఉన్నాయని అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. పిల్లవాడు కాపీ కొడితే శిక్షించే బడిలో, ప్రిన్సిపాల్ గది తలుపు మీద కొనుక్కున్న బిరుదు ఉంటే పిల్లలు ఏ పాఠం నేర్చుకుంటారు? రబ్బీ అని పిలిపించుకోవాలని తహతహలాడేవారి గురించి ప్రభువు ఏమన్నారో మత్తయి 23వ అధ్యాయంలో మరోసారి చదువుకుందాం.

యాజమాన్య కమిటీలకు ఒక మనవి. మీ హెచ్‌ఎం నిజంగా చదవదలచుకుంటే సంతకం పెట్టి చేతులు దులుపుకోకండి. వారానికి ఒక రోజు పని తగ్గించండి, కోర్సు వర్క్ కాలంలో ఇన్‌చార్జిని పెట్టండి. బదులుగా ఒకటి అడగండి. సిద్ధాంత గ్రంథం విశ్వవిద్యాలయానికి ఇచ్చాక, అందులో తేలినదాన్ని తెలుగులో పది పేజీలు రాసి ఉపాధ్యాయులందరికీ చెప్పాలి. గ్రంథం శోధ్‌గంగలో చేరితే పరిశోధకులు చదువుతారు. ఆ పది పేజీలు ఐదో తరగతి టీచరు చదువుతారు.

గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్కవేసుకోవాలని ప్రభువు చెప్పారు కదా. ఈ ఖర్చులో ఫీజు చిన్న భాగం. ఆరేళ్ళ సాయంత్రాలు, సెలవులు, ఇంట్లోవారి ఓర్పు అసలు ఖర్చు. శాస్త్రి అయిన ఎజ్రా వరుస కూడా గుర్తుంచుకుందాం. ఆయన మొదట పరిశోధించాడు, తెలుసుకున్నదాని ప్రకారం తాను నడిచాడు, ఆ తర్వాతే జనులకు బోధించాడు. చదవదలచినవారు ఈ వారం ఒక పని చేయండి. మీ బడి గురించి మీకు జవాబు తెలియని ప్రశ్నను ఒక కాగితం మీద ఒకే వాక్యంలో రాయండి. నెల తర్వాత చదివినా అది మిమ్మల్ని కలవరపెడుతుంటే, దరఖాస్తు నింపండి.