గంప కింద కోడి

సంచికకు ఏదైనా వ్రాసి ఇమ్మని సంపాదక మిత్రుడు అడిగినప్పుడు కోళ్ళను గురించి వ్రాస్తానన్నాను. "పందెం కోళ్ళా, కూర కోళ్ళా?" అన్నాడు. రెండూ కావు. బర్డ్‌ఫ్లూ వచ్చినప్పుడు పెరటి కోళ్ళను బయటకు వదలవద్దని ఉత్తర్వు వస్తుంది. వదలకుండా ఉంచడం సులభమే. గంప కమ్మితే సరి. కాని రోజంతా పెంటకుప్ప మీద, ఎరువు దిబ్బ మీద స్వేచ్ఛగా తిరిగిన ప్రాణిని నెలల తరబడి మూసిపెడితే అది ఏమవుతుంది, దాన్ని కుదురుగా, ఆరోగ్యంగా ఉంచటమెలా అన్నదే నా విషయం. జంతుశాస్త్ర విభాగంలో పరిశోధన చేస్తున్నవాణ్ణి కనుక పుస్తకాల సంగతి కొంతా, మా మేనత్త పెరట్లో చూసింది కొంతా కలిపి చెబుతాను.

2025 ఫిబ్రవరిలో పశ్చిమ గోదావరి జిల్లా వేల్పూరులోను, తూర్పు గోదావరి జిల్లా కానూరులోను ఫారాల కోళ్ళు పెద్ద ఎత్తున చచ్చిపోయాయి. భోపాల్ ప్రయోగశాల అది హెచ్5ఎన్1 అని తేల్చింది. ఈ రకం వైరసు 1997లో హాంకాంగులో 18 మందికి సోకి ఆరుగురిని బలిగొన్నప్పుడు లోకానికి తెలిసింది. మన దేశంలో మొదటిసారి 2006లో మహారాష్ట్రలోని నవాపూర్‌లో కనిపించింది. ప్రభుత్వ ప్రణాళిక ప్రకారం, వ్యాధి తేలిన చోటునుంచి ఒక కిలోమీటరు లోపల ఉన్న పక్షులన్నింటినీ, పెరటి కోళ్ళతో సహా, చంపి పూడ్చిపెడతారు. పది కిలోమీటర్ల వరకు నిఘా. అక్కడ చంపరు గాని, కోడి కదలటానికి వీల్లేదు, అమ్మటానికి వీల్లేదు. మా మేనత్త ఊరు ఈ రెండో వలయంలో పడింది.

ఆవిడకు పన్నెండు పెట్టలు, రెండు పుంజులు. మామయ్య పోయిన తరువాత ఇంట్లో ఆవిడ చేత్తో ముట్టుకునే సొంత డబ్బు అంటే గుడ్ల డబ్బే. బీపీ మాత్రలు, కేబులు బిల్లు, మనుమరాలి రిబ్బన్లు అన్నీ అందులోంచే. అందుచేత "మూసిపెట్టండమ్మా" అని పశుసంవర్ధక శాఖ వాళ్ళు చెప్పి వెళ్ళిన సాయంత్రమే నాకు ఫోను చేసింది. "ఒరే అబ్బాయీ, నువ్వు చదివేది జంతువుల చదువే కదా, ఇవి రెండు రోజులు కూడా గంపలో ఉండవురా, ఒకదాన్నొకటి పొడుచుకు చస్తాయి" అంది. మా విభాగంలో ఎవరూ నన్ను ఇంత సూటి ప్రశ్న అడగలేదు.

అసలు ఎందుకు మూయాలి? ఈ వైరసుకు పుట్టిల్లు నీటి పక్షులు. చాలా బాతులు దాన్ని మోస్తూ కూడా పైకి బాగానే కనిపిస్తాయి; రెట్టలో మాత్రం వదులుతూ పోతాయి. చల్లని తడిలో అది చాలా రోజులు బ్రతుకుతుంది, ఎండకూ పొడికీ త్వరగా చస్తుంది. కొల్లేరు మనకు దగ్గర. చలికాలంలో వలస పక్షులు దిగుతాయి. కోతలైన వరిచేలల్లో బాతుల మందలు తిరుగుతాయి. థాయిలాండులో 2004 ప్రాంతంలో ఈ వ్యాధి వ్యాపించినప్పుడు, కోతల తరువాత చేలల్లో మేసే బాతులకూ దానికీ సంబంధం ఉందని శాస్త్రజ్ఞులు చూపారు. ఆ చేలో తిరిగిన కోడీ, ఆ చేలో నడిచిన మన చెప్పూ రెండూ ప్రమాదమే. ఇది మన దగ్గర మాత్రమే ఉన్న నిర్బంధం కాదు. ఇంగ్లండులో 2022 నవంబరు 7 నుంచి 2023 ఏప్రిల్ 18 వరకు, మూడు కోళ్ళున్నవాళ్ళు సైతం వాటిని లోపలే ఉంచాలని చట్టరీత్యా ఆజ్ఞ ఉండేది.

ఇక కోడి సంగతి. మన కోడికి మూలపురుషుడు అడవికోడి. మేరియన్ డాకిన్స్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త, ఒక జంతు ప్రదర్శనశాల ఆవరణలో వదలిన అడవికోళ్ళను నిమిష నిమిషానికీ గమనించి 1989లో ఫలితాలు ప్రకటించారు. తిండి వేళకు పెడుతున్నా సరే, అవి చురుకుగా ఉన్న నిమిషాల్లో దాదాపు 60 శాతం వాటిలో నేల పొడుస్తూనే ఉన్నాయి. 34 శాతం వాటిలో కాలితో గీరుతున్నాయి. అంటే కోడికి గింజ ఎంత ముఖ్యమో, గింజను వెదకటం అంత ముఖ్యం. గంప కింద గిన్నె నిండా నూకలు పెడితే అయిదు నిమిషాల్లో కడుపు నిండుతుంది, మిగిలిన పగలంతా ముక్కుకు పని లేదు. పని లేని ముక్కు పక్క కోడి ఈకను పట్టుకుంటుంది. ఈక ఊడి నెత్తురు కనిపించిందా, ఎరుపు చూసి మిగిలినవన్నీ అక్కడే పొడుస్తాయి. దీన్ని పొగరు అనుకుని ముక్కు కొసలు కత్తిరించేవాళ్ళున్నారు. నాకు అది నచ్చదు. జబ్బు ముక్కులో లేదు, ఖాళీ నేలలో ఉంది.

రెండో సంగతి, కోళ్ళకు వరుస ఉంటుంది. నార్వే దేశస్థుడు షెల్డెరప్ ఎబ్బె చిన్నతనం నుంచి ఇంటి కోళ్ళను చూస్తూ నోటు పుస్తకాలు నింపి, ఎవరు ఎవరిని పొడవవచ్చో నిర్ణయించే ఆ క్రమాన్ని 1922లో ప్రచురించాడు. ఆరుబయట అయితే కింది వరుస పెట్ట, పెద్ద పెట్ట రావటం చూసి అరుగు కిందికి పోతుంది. మూసిన చోట పోవటానికి అరుగే లేదు.

(పుంజులదీ ఇదే తంతు. జపానులో నగోయా విశ్వవిద్యాలయం వాళ్ళు పుంజులను పగలూ రాత్రీ ఒకే మసక వెలుతురున్న గదుల్లో ఉంచినా లోపలి గడియారాన్ని బట్టి వేళకు కూశాయని 2013లో తేల్చారు. మందలో పెద్ద పుంజు ముందు కూస్తుందనీ, మిగతావి వరుసన అందుకుంటాయనీ 2015లో చూపారు. నా కోడీ కుంపటీ లేకపోతే ఊరికి తెల్లవారదనుకున్న ముసలమ్మను మనం నవ్వుతాం గాని, కోడికి మాత్రం తెల్లవారటం తన లోపలే ఉంది.)

కాబట్టి మేము గంపల జోలికి పోలేదు. మేనత్తకు పాత పశువుల కొట్టం ఉంది, గేదెలు అమ్మేశాక ఖాళీగా పడి ఉంది. పైన పెంకు. ఇది ముఖ్యం, ఎందుకంటే పైన వల మాత్రమే ఉంటే కాకి లోపలికి రాకపోయినా దాని రెట్ట వస్తుంది. పక్కలకు చిన్న కన్నుల వల కట్టాం. ఫారం లెక్క ప్రకారం కోడికి రెండు చదరపు అడుగులు చాలంటారు. తిరిగి అలవాటైన నాటుకోడికి దానికి రెట్టింపయినా కావాలి. మా కొట్టంలో అంతకంటె ఎక్కువే దొరికింది. నేల మీద నాలుగు అంగుళాల మందాన పొడి ఊక పరిచి, గిన్నె తీసేశాం. ధాన్యం, నూకలు, కాసిని చోళ్ళు ఊకలో చల్లి కాలితో కలిపేయటమే. పొద్దున ఒక గుప్పెడు, పది గంటలకు ఒక గుప్పెడు, మధ్యాహ్నం ఒకటి. మొదటి రోజు మేనత్త "అంత చక్కని గింజల్ని చెత్తలో పోస్తావేమిట్రా" అని గొణిగింది. అవి సాయంత్రం దాకా గీరుతూనే ఉన్నాయి. పక్కన గిన్నెలో తేరగా తిండి ఉన్నా కోడి పని చేసి సంపాదించుకున్న గింజ కూడా తింటుందని 1972లోనే ప్రయోగం చేసి చూపారు. మన హాస్టలు మెస్సులో ఈ సూత్రం పనిచేస్తుందని నేననుకోను.

తోటకూర కట్టను తాడుతో కోడి తల కంటె జానెడు ఎత్తున వేలాడదీస్తే ఎగిరి ఎగిరి కొరుకుతాయి. ఆకుకూర ఏదైనా కడిగి పెట్టాలి, కాలువ గట్టు గడ్డి మాత్రం వద్దు. మాంసకృత్తులు తక్కువైనా ఈకలు పీక్కుంటాయి. బయట దొరికే పురుగూ చెదా ఇప్పుడు లేవు కనుక తవుడులో ఎండుచేపల పొడి కలిపాం. కందనకాయలో గింజ నలగాలంటే ఇసుక గులకలు కావాలి, గుడ్డు పెంకుకు గుల్ల పొడి కావాలి. ఇవి రెండు చిప్పల్లో విడిగా పెడితే చాలు, ఎంత కావాలో వాటికే తెలుసు.

ధూళి స్నానం సంగతి చాలామందికి తెలియదు. కోడి రెండు రోజులకొకసారి, ఎక్కువగా మధ్యాహ్నం పూట, ఇరవై నిమిషాల నుంచి అరగంట దాకా మట్టిలో పొర్లుతుంది. ఆ దుమ్ము ఈకల్లోని పాత జిడ్డును, పేలను తీసుకుపోతుంది. మట్టి లేకపోతే మానేస్తుందనుకోవద్దు. ఉత్త తీగల నేల మీద కూడా, లేని మట్టిని ఒంటి మీద పోసుకుంటున్నట్టు ఆడిస్తుంది రెక్కల్ని. అది చూడలేం. పగిలిన కుడితి తొట్టిలో ఇంట్లో ఆరబెట్టిన మట్టి, జల్లించిన కట్టెల బూడిద కలిపి పోశాం. మర్నాడు మధ్యాహ్నానికి అయిదు పెట్టలు ఒకేసారి అందులో ఇరుక్కుని పడుకున్నాయి. వరుసలో పైదీ కిందిదీ పక్కపక్కనే.

కింది వరుస కోడి తప్పించుకోవటానికి ఒక పాత తలుపు చెక్క గోడకు వాలుగా నిలబెట్టాం. రెండు ఎత్తుల్లో కర్రలు కట్టాం. నీళ్ళ చిప్పలు ఒకటి కాదు, రెండు, ఎదురెదురు మూలల్లో, ఎందుకంటే ఒకటే ఉంటే పెద్ద పెట్ట దాని పక్కనే కాపలా కూర్చుంటుంది. ఇంత చేసినా ఒక గోధుమరంగు పెట్టకు తోక దగ్గర పుండు పడింది. దానికి పసుపు రాసి, కొట్టంలోనే మిగతావాటికి కనిపించేటట్టు వారం రోజులు గంప కింద ఉంచాం. పూర్తిగా వేరే చోట పెడితే తిరిగి వచ్చినప్పుడు కొత్తదానిగా చూసి మళ్ళీ మొదటినుంచి పొడుస్తాయి. రెండు పుంజులకు మాత్రం ఒక కొట్టం చాలదు. మధ్య తడిక కట్టాం.

చీకటి చేస్తే నిమ్మళంగా ఉంటాయి కదా అని మేనత్త గోనెపట్టాలు కట్టబోయింది. మాట నిజమే, మసక వెలుతురులో పోట్లాట తగ్గుతుంది. కాని పెట్టకు గుడ్డు పెట్టాలనే సంకేతం పుర్రె గుండా నేరుగా మెదడుకు చేరే వెలుతురు ద్వారా, పగటి పొడవు ద్వారా అందుతుంది. చీకటి చేస్తే గుడ్లు ఆగిపోతాయి. పోట్లాటకు మందు పని, చీకటి కాదు. తూర్పు వైపు తెరిచే ఉంచాం.

మార్చి రాగానే అసలు శత్రువు వేడి అయింది. కోడికి చెమట పట్టదు. నోరు తెరిచి వగర్చటం, రెక్కలు దూరంగా పెట్టటం, అంతే దాని చేతిలో ఉన్నది. నీళ్ళు రోజుకు మూడుసార్లు మార్చాం, మట్టి చిప్పల్లో, నీడన. అవి బోరింగు నీళ్ళే, చెరువువి కావు. ఊక తడిస్తే ఘాటు వాసన పుడుతుంది, అది అమ్మోనియా. కళ్ళూ ఊపిరీ చెడతాయి. వాసన నిలబడి చూస్తే తెలియదు. వంగి, కోడి ముక్కున్న ఎత్తులో చూడాలి. తడి ఊక తీసి పొడి ఊక చల్లటమే మందు.

లోపలికి వెళ్ళే మనిషికి వేరే చెప్పుల జత, గుమ్మం దగ్గర బ్లీచింగు నీళ్ళ పళ్ళెం. ఇంత జాగ్రత్తా ఎవరికోసమని పొరుగావిడ అడిగింది. ఆవిడ పిల్లలు రోజూ ఆ కోళ్ళతో ఆడేవాళ్ళు. రెట్ట, ఈకలు ముట్టుకుంటే సబ్బుతో కడుక్కోవాలి. పిల్లల్ని కొట్టంలోకి రానివ్వకూడదు. ఉడికిన గుడ్డూ కూరా భయం లేదు, 70 డిగ్రీల వేడికి ఈ వైరసు చస్తుంది. పచ్చి మాంసం ముక్క పిల్లల నోటికి పోకూడదు.

అన్నీ చేసినా జబ్బు రావచ్చు. ఒకటి రెండు రోజుల్లో వరుసగా చావటం, జుట్టూ తమ్మెలూ నీలం తిరగటం, తల వాయటం, గుడ్లు హఠాత్తుగా ఆగటం కనిపిస్తే ఆలస్యం చేయరాదు. కొక్కెర తెగులుకూ దాదాపు ఇవే గుర్తులు, కంటితో తేల్చటం డాక్టరుకు కూడా సాధ్యం కాదు, ప్రయోగశాలే చెప్పాలి. చచ్చిన కోడిని కాలువలో పారేస్తే జబ్బును నీళ్ళలో పంచిపెట్టినట్టే. చెబితే ఉన్నవి కూడా చంపేస్తారని దాచేవాళ్ళున్నారు. ఆ భయం నాకు అర్థమవుతుంది, పన్నెండు పెట్టల విలువ మా మేనత్త మొహంలో చూశాను. కాని పరిహారం ప్రభుత్వం చంపించిన పక్షులకు ఇస్తుందే తప్ప, దాచిపెట్టగా చచ్చినవాటికి ఇవ్వదు.

మా మేనత్త కోళ్ళకు జబ్బు రాలేదు. మూసిన మొదటి వారంలో రోజుకు ఆరేడు గుడ్లు రెండుకు పడిపోయాయి. నాలుగో వారానికి అయిదయ్యాయి. అమ్మకం లేదు కనుక మనుమరాలికి ఉడికించి పెట్టింది, మిగిలినవాటి మీద ఒక పెట్టను పొదగేసింది. నిఘా ఎత్తివేశాక ఒక్కసారిగా తలుపు తీయలేదు. ముందు పొద్దు గుంకటానికి గంట ముందు వదిలాం. కొత్త చోటైనా చీకటి పడేవేళకు కర్ర ఎక్కటానికి అవే తిరిగి వచ్చాయి. వారంలో మామూలు తిరుగుడు మొదలైంది. కొట్టానికి కట్టిన వల మాత్రం మేనత్త విప్పనివ్వలేదు. ముంగిసల బెడద తగ్గిందట. పైగా మళ్ళీ చలికాలం వస్తుంది, కొల్లేటికి పక్షులూ వస్తాయి.