హెడ్మాస్టరు కుర్చీకి కూడా ఒక చదువుంది



ఏటా వార్షికోత్సవానికి వచ్చినప్పుడు పిల్లల్ని "పెద్దయ్యాక ఏమవుతారు?" అని అడగడం మాకు అలవాటు. కలెక్టరు అంటారు, ఎస్.ఐ. అంటారు, డాక్టరు, సాఫ్ట్‌వేర్ ఇంజనీరు అంటారు. టీచరు అనేవాళ్లూ ఉన్నారు. హెడ్మాస్టరు అవుతానని గానీ, ప్రిన్సిపాల్ అవుతానని గానీ అన్నవాళ్లు ఇంతవరకు మాకు కనబడలేదు. అది కోరుకుంటే వచ్చేది కాదని, తల నెరిశాక దానంతటదే వచ్చేదని అందరి అభిప్రాయం. కానీ దానికీ ఒక చదువుంది. ఆ చదువేమిటో, దానితో మన హాస్టల్ పిల్లలకు పనేమిటో చెప్పాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

ముందు మా సంగతి చెప్పాలి. మేము హాస్టల్లో ఉంటూ హైస్కూలుకు నడిచి వెళ్లేవాళ్లం. కట్టెల పొయ్యి, వంటమనిషి ఒక్కడే. వానాకాలంలో కట్టెలు తడిస్తే అన్నం ఉడికేసరికి తొమ్మిదిన్నర దాటేది. మేము బడికి చేరేసరికి ప్రార్థన అయిపోయి గేటు మూసేవారు. మొదటి పీరియడంతా ఎండలోనో వానలోనో బయట నిలబడేవాళ్లం. మొదటి పీరియడు లెక్కలు. పైగా హాస్టల్ పిల్లలందరినీ ఒకే సెక్షన్లో వేశారు. "హాస్టలోళ్లకు లెక్కలు రావు" అని టీచర్లు అనేవారు. కొన్నాళ్లకు మేమూ నమ్మేశాం.

మేము పదో తరగతికి వచ్చిన ఏడు కొత్త హెడ్మాస్టరు గారు వచ్చారు. మొదటి వారంలోనే హాజరు పట్టీలన్నీ తెప్పించుకుని, తెల్లకాగితం మీద గళ్లు గీసి, ఎవరు ఏ పీరియడుకు ఉండటం లేదో, వాళ్లు ఎక్కడి నుంచి వస్తారో రాసుకున్నారు. మొదటి పీరియడుకు లేనివాళ్లలో దాదాపు అందరూ హాస్టలే. ఆ సాయంత్రమే సైకిలు మీద హాస్టలుకు వచ్చి వార్డెన్ గారితో వంటగది అరుగు మీద కూర్చుని మాట్లాడారు. కట్టెలు వరండాలోకి చేరాయి, ఉదయం వంట అరగంట ముందు మొదలైంది. అప్పటికీ ఆలస్యమైన రోజు గేటు తీసి లోపలికి రానిచ్చేవారు. సెక్షన్లు కలిపేశారు. మాలో లెక్కలు తప్పుతారనుకున్నవాళ్లు గట్టెక్కారు. మేము టీచర్లమయ్యాక ఒకసారి ఆయన్ను కలిసి ఆ కాగితం సంగతి అడిగితే, "ఎం.ఇడి.లో విద్యా పరిపాలన పేపరు చదివానయ్యా, అందులో నేర్చుకున్నదే" అన్నారు.

అంతకుముందున్న వారు చెడ్డవారని మేము అనడం లేదు. పాఠం బాగా చెప్పేవారు. బడి నడపడం వారికి ఎవరూ నేర్పలేదు, అంతే. ఇప్పటికీ మన దగ్గర పద్ధతి ఇంచుమించు అదే. ప్రభుత్వ హైస్కూళ్లలో స్కూల్ అసిస్టెంటుగా ఉన్నవారు సీనియారిటీ ప్రకారం హెడ్మాస్టరు అవుతారు. అందుకు ఈఓటీ, జీఓటీ అనే డిపార్ట్‌మెంట్ పరీక్షలున్నాయి. వాటిలో అడిగేది ఖజానా లెక్కలు, సర్వీసు నిబంధనలు, శాఖ నియమాలు. హెడ్మాస్టరు జీతాల బిల్లుల మీద సంతకం పెట్టే అధికారి కూడా కాబట్టి అవి తప్పకుండా కావాలి. కానీ హాజరు పట్టీని చూసి ఏ పిల్లవాడు ఎందుకు వెనకబడుతున్నాడో కనిపెట్టడం ఆ పరీక్షల్లో లేదు. కేంద్రీయ విద్యాలయ ప్రిన్సిపాలుకైనా పీజీ, బి.ఇడి., అనుభవం అడుగుతారు తప్ప పరిపాలనలో డిగ్రీ అడగరు. మన హాస్టల్ సంక్షేమాధికారి పోస్టుకు కూడా బి.ఇడి. అర్హతే. అది పాఠం చెప్పడానికి చదివే చదువు. వందమంది పిల్లల తిండి, నిద్ర, జ్వరం, దిగులు చూసుకోవడానికి చదివే చదువు కాదు.

మరి ఆ చదువు ఎక్కడుంది? ఢిల్లీలో నీపా అనే జాతీయ సంస్థ ఉంది. 1962లో యునెస్కో తోడ్పాటుతో ఆసియా దేశాల విద్యాధికారుల శిక్షణ కేంద్రంగా మొదలైంది. 1979లో నీపా అయింది, 2006లో డీమ్డ్ విశ్వవిద్యాలయమైంది. డి.ఇ.ఓ. స్థాయి అధికారులకు విద్యా ప్రణాళిక, పరిపాలనలలో డిప్లొమా, ఆ పైన పిహెచ్.డి. వరకు అక్కడ చదువులున్నాయి. 2012లో ఆ సంస్థలోనే పాఠశాల నాయకత్వానికి ఒక జాతీయ కేంద్రం పెట్టారు. ఉద్యోగం మానుకుని ఢిల్లీ వెళ్లలేని మనలాంటి వారికి ఇగ్నో దారి ఉంది. విద్యా నిర్వహణ, పరిపాలనలలో ఏడాది పీజీ డిప్లొమా, డిగ్రీ ఉంటే చాలు. మాలో ఒకరిద్దరు అది చేశారు. పాఠాలు తెలుగులో లేకపోవడం పెద్ద ఇబ్బంది. తెలుగు మీడియం వాళ్లం నిఘంటువు పక్కన పెట్టుకుని రాత్రిళ్లు చదివాం. చివర్లో ప్రాజెక్టు పని ఉంటుంది, అదే అన్నిటికంటే ఉపయోగపడింది. ఎం.ఇడి. చేసేవారికి కూడా విద్యా పరిపాలనను ప్రత్యేక అంశంగా తీసుకునే వీలుంది.

ఈ చదువులో ఏం చెప్తారంటే, బడి లెక్కలను పిల్లల వారీగా విడదీసి చూడటం, తోటి టీచరు క్లాసులో వెనక బెంచీ మీద కూర్చుని చూసి నొప్పించకుండా మాట్లాడటం, డబ్బు తక్కువైనప్పుడు దేనికి ముందు ఖర్చు పెట్టాలో తేల్చుకోవడం, తల్లిదండ్రులను కూర్చోబెట్టి మాట్లాడించడం. ఈ చివరిది మనకు బాగా పనికివస్తుంది. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది స్త్రీలు ఉండాలి, బలహీన వర్గాల పిల్లల తల్లిదండ్రులకు దామాషా ప్రకారం చోటివ్వాలి. బడి అభివృద్ధి ప్రణాళిక తయారు చేసేది ఆ కమిటీయే. కానీ హాస్టల్ పిల్లల అమ్మానాన్నలు ఎక్కడుంటారు? ముప్పై కిలోమీటర్ల అవతల కూలికి వెళ్లి ఉంటారు, పండగకు తీసుకెళ్లడానికి వస్తారు. కమిటీలో మన తరఫున అడిగే గొంతు ఉండదు. ఆ లోటు కనిపెట్టి, వార్డెన్‌నో పాత విద్యార్థినో పిలిచి కూర్చోబెట్టాలన్న ఆలోచన హెడ్మాస్టరుకు రావాలి.

ఇతర దేశాల సంగతి కొంచెం. అంబేడ్కర్ గారు 1913లో చదువుకోవడానికి వెళ్లిన కొలంబియా విశ్వవిద్యాలయంలో, టీచర్స్ కాలేజీ అనే విభాగంలో, అప్పటికే బడుల పరిపాలన మీద డాక్టరేటు దాకా చదివేవారు. (1935లో బొంబాయి ప్రభుత్వ లా కాలేజీకి అంబేడ్కర్ గారే ప్రిన్సిపాల్ అయ్యారని మనలో చాలామందికి తెలియదు.) ఇప్పుడు అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ఈ పరిపాలనలో మాస్టర్స్ చదివి లైసెన్సు తీసుకోనిదే ప్రిన్సిపాల్ కాలేరు. సింగపూరులో వైస్ ప్రిన్సిపాళ్లను ఎంపిక చేసి, జీతమిస్తూ ఆరు నెలలు పూర్తికాలం చదివిస్తారు. 2001 నుంచి ఆ కోర్సు నడుస్తోంది.

అయితే డిగ్రీ ఉంటే అంతా బాగుంటుందని చెబితే అబద్ధమవుతుంది. అదే టీచర్స్ కాలేజీ అధ్యక్షుడు ఆర్థర్ లెవీన్ 2005లో ఒక నివేదిక రాసి, అమెరికాలోని ఈ కోర్సుల్లో చాలా వాటిని గట్టిగా విమర్శించాడు. జీతం పెంపు కోసం చేరేవాళ్లు, సులువుగా పట్టాలిచ్చే కాలేజీలు, బడికి సంబంధం లేని పాఠాలు ఉన్నాయన్నాడు. మన దగ్గర బి.ఇడి. కాలేజీలు కొన్ని ఎలా నడిచాయో చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. కాబట్టి చేరేముందు బడిలో చేయించే పని ఎంత ఉందో అడిగి తెలుసుకోండి.

2020 జాతీయ విద్యా విధానం ప్రిన్సిపాళ్లకు ఏటా కనీసం 50 గంటల శిక్షణ ఉండాలని, అందులో నాయకత్వం, నిర్వహణ ఉండాలని చెప్పింది. 50 గంటలు మంచిదే. కుర్చీ ఎక్కాక ఇచ్చే 50 గంటల కంటే ఎక్కకముందు చదివే ఏడాది మేలని మా అభిప్రాయం.

బి.ఇడి. చేస్తున్న తమ్ముళ్లు, టీచరు ఉద్యోగంలో ఉన్న చెల్లెళ్లు, వార్డెన్లుగా పనిచేస్తున్న మిత్రులు దీని గురించి మమ్మల్ని అడగవచ్చు. ఇగ్నో పుస్తకాలు, మేము తెలుగులో రాసుకున్న నోట్సు ఒక ట్రంకు పెట్టెలో పెట్టి హాస్టల్ ఆఫీసు గదిలో ఇచ్చి వెళ్తున్నాం. తాళం వార్డెన్ గారి దగ్గర ఉంటుంది. తీసుకెళ్లినవారు రిజిస్టరులో పేరు రాసి, చదివాక తిరిగి పెట్టండి.