జూలై 4: ఒక్క తేదీ, ఎన్నో చరిత్రలు

జూలై 4 తెలుగువారి చరిత్రలో మూడు సార్లు గట్టిగా వినిపించే తేదీ. 1897లో ఆ రోజున అల్లూరి సీతారామరాజు పుట్టారు. 1946లో అదే రోజున కడవెండిలో దొడ్డి కొమరయ్య తూటా తగిలి నేలకొరిగారు. 1963లో అదే రోజున విజయవాడలో పింగళి వెంకయ్య కన్నుమూశారు. ముగ్గురికీ ఒకరితో ఒకరికి పరిచయం లేదు, ముగ్గురివీ మూడు వేర్వేరు ప్రాంతాలు. తేదీ మాత్రం ఒకటే.

అల్లూరి పుట్టింది అమ్మమ్మగారి ఊరు పాండ్రంగిలో. ఇప్పటి విశాఖపట్నం జిల్లా పద్మనాభం మండలంలో ఉంది ఆ ఊరు. తండ్రి వెంకటరామరాజుది భీమవరం దగ్గరి మోగల్లు. కొన్ని పుస్తకాలు పుట్టిన ఏడాదిని 1898గా చూపిస్తాయి. ప్రభుత్వం 1897నే లెక్కలోకి తీసుకుని, 2022 జూలై 4న 125వ జయంతి ఉత్సవాలను మొదలుపెట్టింది.

ఆయన పుట్టుకకు సాక్షి పాండ్రంగి అయితే, పోరాటానికి సాక్షి నర్సీపట్నం పరిసరాలు. మైదానం అయిపోయి కొండలు మొదలయ్యే చోట ఉన్న ఊరు నర్సీపట్నం. దాన్ని ఆనుకునే వరాహ నది ఒడ్డున బలిఘట్టం ఉంది. బలి చక్రవర్తి యజ్ఞం చేసిన చోటుగా స్థల పురాణం చెప్పే ఈ ఊళ్లో నది ఉత్తరవాహిని. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లికి రోడ్డు వేసేటప్పుడు మన్యం జనంతో అరకొర కూలికి, కొన్నిసార్లు ఉత్తినే పని చేయించుకున్నారు. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ పేరు ఆ వెట్టికి మారుపేరైంది. అంతకుముందే 1882 నాటి మద్రాసు అటవీ చట్టం పోడు వ్యవసాయం మీద, అడవిలో కట్టెపుల్ల ఏరుకోవడం మీద ఆంక్షలు పెట్టింది. పోడు కొట్టుకోనివ్వక, కూలి ఇవ్వక, బతికే దారులన్నీ మూసేశాక లేచిన తిరుగుబాటు అది.

1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్లు వరసగా మూడు రోజుల్లో అల్లూరి దళం చేతికి చిక్కాయి. మూడు చోట్లా కలిపి 26 తుపాకులు, రెండున్నర వేలకు పైగా తూటాలు దొరికాయి. ఏమేం తీసుకున్నదీ స్టేషన్ పుస్తకంలో రాసి, కింద సంతకం పెట్టి మరీ వెళ్లారు. ఎదుటివాడి ఆయుధాలు తీసుకుంటూ వాడి లెక్కల పుస్తకంలోనే వాటిని నమోదు చేయడం ఆ పోరాటం ఎంత బాహాటంగా సాగిందో చూపిస్తుంది. సరిగ్గా నెల తిరిగేసరికి, సెప్టెంబరు 24న, దామనపల్లి కనుమలో మాటువేసిన దళం స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు పోలీసు అధికారులను కాల్చి చంపింది. వాళ్ల సమాధులు నర్సీపట్నంలో ఉన్నాయి.

ఆ తర్వాత మలబారు పోలీసు వచ్చింది, అస్సాం రైఫిల్స్ వచ్చింది. 1924 మే 7న కొయ్యూరు దగ్గర అల్లూరిని పట్టుకుని, విచారణ అనేది లేకుండా కాల్చి చంపారు. దహనం జరిగిన కృష్ణదేవిపేటలో ఇప్పుడు సమాధి ఉంది. దళంలోని గాం మల్లుదొర పట్టుబడి, అండమాన్ జైలు చూసి, 1952లో తొలి లోక్‌సభకు విశాఖపట్నం నుంచి ఎన్నికయ్యారు. బ్రిటిష్ ప్రభుత్వం ద్వీపాంతరం పంపిన మనిషిని స్వతంత్ర భారతం పార్లమెంటుకు పంపింది.

మే 7కూ ఒక జత ఉంది. 1861లో అదే తేదీన రవీంద్రనాథ్ టాగూర్ పుట్టారు. అయితే బెంగాలీలు ఆయన జయంతిని మే 7న చేయరు, తమ పంచాంగం ప్రకారం వైశాఖం 25న చేస్తారు. అది ఇప్పుడు మే 8నో 9నో వస్తుంది. ఒకే తేదీ అన్న మాటలో మెలిక ఉన్నది ఇక్కడే. ఏ క్యాలెండరు చేతిలో ఉందో చెప్పకుండా ఒకే రోజు అనడం కుదరదు.

బలిఘట్టం సంగతే చూస్తే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. అక్కడి బ్రహ్మలింగేశ్వరుడికి శివరాత్రి మాఘ బహుళ చతుర్దశి నాడే. ఇంగ్లీషు తేదీ ఒక ఏడు ఫిబ్రవరిలో, ఒక ఏడు మార్చిలో పడుతుంది. చాంద్రమాన సంవత్సరం దాదాపు 354 రోజులే కాబట్టి తిథి ఏటా పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది, అధిక మాసం వచ్చి దాన్ని మళ్లీ వెనక్కి నెడుతుంది. 235 చాంద్ర మాసాలు 19 సౌర సంవత్సరాలకు దాదాపు సమానం. అందుకే ఒక మనిషి పుట్టిన తిథీ, పుట్టిన తేదీ సుమారు పంతొమ్మిదేళ్లకోసారి మళ్లీ కలుసుకుంటాయి. తద్దినం తిథిని బట్టి పెట్టే ఇంట్లోనే పిల్లవాడి పుట్టినరోజు తేదీని బట్టి చేయడం తెలుగునాట మామూలే. జూలై 4 అల్లూరి జయంతి అయింది తేదీ లెక్కన. బళ్లూ కచేరీలూ నడిచేది ఆ లెక్కతోనే కదా.

క్యాలెండరు మారితే ఎంత తేడా వస్తుందో చెప్పడానికి పాత ఉదాహరణ ఒకటుంది. షేక్‌స్పియర్, స్పెయిన్ రచయిత సెర్వాంటెస్ ఇద్దరూ 1616 ఏప్రిల్ 23న పోయారని చాలాచోట్ల రాస్తారు. అప్పటికి స్పెయిన్ కొత్త గ్రెగోరియన్ క్యాలెండరుకు మారింది, ఇంగ్లాండు పాత జూలియన్‌లోనే ఉంది. రెండు దేశాల ఏప్రిల్ 23ల మధ్య పది రోజుల ఎడం ఉంది. బ్రిటన్ 1752లో మారింది గనుక, ఆ తర్వాతి తెలుగుదేశపు సర్కారు కాగితాల్లోని తేదీలతో ఈ చిక్కు లేదు.

కడవెండి కథ వేరు. అప్పటి నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలోని ఆ ఊరు విస్నూరు దేశ్‌ముఖ్ రాపాక రామచంద్రారెడ్డి ఏలుబడిలో ఉండేది. వెట్టి, అక్రమ వసూళ్లు, లెవీ ధాన్యం ఊరిని పీల్చేశాయి. ఆంధ్ర మహాసభ సంఘం పెట్టాక జనం తలెత్తడం మొదలైంది. 1946 జూలై 4న సంఘం వాళ్ల మీద దొర మనుషులు దాడికి దిగితే ఊరంతా కర్రలూ వడిసెలలూ పట్టుకుని ఊరేగింపుగా కదిలింది. గడి దగ్గరికి రాగానే కాల్పులు జరిగాయి. గొల్లకురుమ కుటుంబంలో పుట్టిన దొడ్డి కొమరయ్య పొట్టలో తూటా దిగి అక్కడికక్కడే చనిపోయారు. అన్న మల్లయ్య కాలికి గాయమైంది. కొమరయ్యకు అప్పటికి నిండా ఇరవయ్యేళ్లు లేవు.

కర్రా వడిసెలా పట్టుకున్న జనం ఆ చావు తర్వాత తుపాకీ పట్టారు. తెలంగాణ సాయుధ పోరాటంలో తొలి అమరుడిగా కొమరయ్య పేరే చెబుతారు. ఆ పోరాటం 1951 అక్టోబరు దాకా సాగింది. నిజాం పాలన 1948 సెప్టెంబరులోనే పోయినా భూమి తగవు తీరలేదు. పోడు భూమి కోసం మన్యంలో 1922లో, దున్నే భూమి కోసం తెలంగాణలో 1946లో జనం తిరగబడ్డారు. ఒక పోరాటానికి నాయకుడు పుట్టిన తేదీనే ఇంకో పోరాటానికి తొలి మనిషి ప్రాణమిచ్చాడు.

పింగళి వెంకయ్య పుట్టింది 1876 ఆగస్టు 2న, మచిలీపట్నం దగ్గరి భట్లపెనుమర్రులో. పత్తి రకాల మీద చేసిన పరిశోధనకు పత్తి వెంకయ్య అనీ, జపాను భాష వచ్చినందుకు జపాన్ వెంకయ్య అనీ పిలిచేవారు. 1916లో జాతీయ జెండా ఎలా ఉండాలో ముప్పై నమూనాలతో పుస్తకం వేశారు. 1921లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం జరిగినప్పుడు గాంధీజీకి జెండా నమూనా ఇచ్చారు. ఎరుపు, ఆకుపచ్చ రంగుల మీద రాట్నం ఉన్న జెండా అది. తెలుపు కూడా చేర్చాలన్నది గాంధీజీ కోరిక. 1947 జూలై 22న రాజ్యాంగ సభ త్రివర్ణ పతాకాన్ని ఆమోదించింది. ఆ జెండాకు మూలరూపం ఇచ్చిన మనిషి చివరి రోజులు మాత్రం పేదరికంలోనే గడిచాయి. దేశం ఆయన పేరిట తపాలా బిళ్ల వేసేసరికి 2009 వచ్చింది.

ప్రపంచానికి జూలై 4 అంటే అమెరికా స్వాతంత్ర్య దినం. 1776లో అక్కడి కాంగ్రెస్ బ్రిటన్‌తో తెగతెంపులకు ఓటేసింది నిజానికి జూలై 2న. 4న ఆమోదించింది ప్రకటన పాఠాన్ని. సభ్యుల్లో ఎక్కువమంది సంతకాలు పెట్టింది ఆగస్టు 2న. అది సరిగ్గా వెంకయ్య పుట్టుకకు నూరేళ్ల ముందు. ఆ ప్రకటన రాసిన జెఫర్సన్, దాని కోసం వాదించిన జాన్ ఆడమ్స్ ఇద్దరూ 1826 జూలై 4న, యాభయ్యేళ్లు నిండిన రోజునే, కొన్ని గంటల తేడాలో మరణించారు. ఐదేళ్లకు మరో మాజీ అధ్యక్షుడు జేమ్స్ మన్రో కూడా అదే తేదీన పోయారు. వివేకానందుడు 1898లో కాశ్మీరంలో ఉండగా ఈ తేదీ మీద ఇంగ్లీషులో ఒక కవిత రాశారు. నాలుగేళ్లకు, 1902 జూలై 4న బేలూరు మఠంలో దేహం చాలించారు. 1934లో మేరీ క్యూరీ పోయిందీ, 2012లో జెనీవాలో హిగ్స్ బోసాన్ జాడ ప్రకటించిందీ ఆ రోజునే. అల్లూరి పేరున్న పాత్రతో వచ్చిన ఆర్ఆర్ఆర్ సినిమాకు సంగీతం కట్టి ఆస్కార్ తెచ్చిన కీరవాణి 1961 జూలై 4న పుట్టారు.

ఇన్ని కలవడం వింతేమీ కాదు. ఉన్నవి 366 తేదీలే, జరిగినవి లెక్కలేనన్ని సంగతులు. ఇరవై ముగ్గురున్న గదిలో ఏ ఇద్దరిదైనా పుట్టినరోజు కలిసే అవకాశం సగానికి పైనే. వారాలూ అంతే, ఉన్నవి ఏడే. 1776, 1946, 1963 సంవత్సరాల జూలై 4 మూడూ గురువారాలే. అల్లూరి పుట్టింది ఆదివారం.

కొన్ని కలయికలు మాత్రం మనుషులు కోరి తెచ్చినవి. అమెరికా 1946లో ఫిలిప్పీన్స్‌కు స్వాతంత్ర్యం ఇవ్వడానికి తన జాతీయ దినాన్నే ఎంచుకుంది. కడవెండిలో తూటా పేలిన రోజే మనీలాలో కొత్త జెండా ఎగిరింది. 1962లో ఫిలిప్పీన్స్ ఆ పండగను తమవాళ్లే స్వాతంత్ర్యం ప్రకటించుకున్న జూన్ 12కు మార్చుకుంది. భీమవరంలో ముప్పై అడుగుల అల్లూరి కంచు విగ్రహాన్ని ఆవిష్కరించడానికీ 2022 జూలై 4నే ఎంచుకున్నారు. అంతకు మూడు నెలల ముందు, ఏప్రిల్ 4న, పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడింది. ఆయన పట్టుబడిన కొయ్యూరు ఆ జిల్లాలోనే ఉంది. పుట్టిన పాండ్రంగి విశాఖలో, తండ్రిగారి మోగల్లు పశ్చిమ గోదావరిలో, సమాధి ఉన్న కృష్ణదేవిపేట నర్సీపట్నం, బలిఘట్టంతో పాటు అనకాపల్లి జిల్లాలో ఉన్నాయి.