నలుగురిలో నలిగిపోతున్నారా?

పెళ్ళి శుభలేఖ అందగానే మీకు మొదట గుర్తొచ్చేదేమిటి? చాలామంది గృహిణులకి బీరువానే! 'ఈ పట్టుచీర పోయిన పెళ్ళికీ కట్టాను, అందరూ కనిపెట్టేస్తారేమో' అన్న బెంగ. ఆ బెంగతోనే కొందరు ఆఖరి నిమిషంలో తలనొప్పంటూ ఇంట్లో ఉండిపోతారు. వెళ్ళినవాళ్ళు గోడవారగా ఓ కుర్చీ చూసుకుని, భోజనాల పిలుపు వచ్చేదాకా కదలరు. ఇలా రెండు మూడుసార్లు జరిగితే చుట్టాలకే కొత్తవాళ్ళమైపోతాం.

నిజానికి మిమ్మల్ని అంతమంది గమనించరు. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన థామస్ గిలోవిచ్, ఆయన సహచరులు 2000లో ఓ పరిశోధన ప్రచురించారు. వేసుకోవడానికి సిగ్గుపడేలాంటి బొమ్మ ఉన్న టీషర్టు తొడిగి, ఒక్కొక్క విద్యార్థినీ తోటివాళ్ళున్న గదిలోకి పంపారు. గదిలో దాదాపు సగంమంది ఆ బొమ్మని గుర్తుపట్టి ఉంటారని టీషర్టు వేసుకున్నవాళ్ళు అనుకున్నారు. తీరా అడిగితే, గుర్తుపట్టింది ఇంచుమించు నాలుగోవంతే! మరి బాజాల హోరులో, పిల్లల పరుగుల మధ్య మీ చీర అంచు ఎవరికి గుర్తుంటుంది? ఎవరి కొంగు సర్దుకోవడం వాళ్ళకే సరిపోతుంది.

కానీ ముడుచుకుని కూర్చున్న మనిషి మాత్రం కళ్ళబడుతుంది. దాన్ని బిడియమని ఎవరూ అనుకోరు, 'ఆవిడకి గర్వమమ్మా' అనేస్తారు. అన్యాయమే, ఏం చేస్తాం!

సందడిలో కలిసిపోవడానికి తేలికైన దారి, చేతికో పని. 'పూలు నేనిస్తానండీ, మీరు కాస్త కూర్చోండి' అంటూ పళ్ళెం అందుకోండి. కాదనే పెళ్ళివారుండరు. పది నిమిషాల్లో ఇరవై ముఖాలు పరిచయమవుతాయి, మాట కోసం వెతుక్కునే అవస్థా ఉండదు. పనేదీ దొరక్కపోతే పక్కనున్న పెద్దావిడని 'పిన్నిగారూ, పెళ్ళికూతురు మీకేమవుతుంది?' అని అడగండి. ఆపైన అరగంట ఆవిడే చూసుకుంటారు!

అన్నట్టు, కొత్త జాకెట్టూ కొత్త చెప్పులూ ముందు ఇంట్లో ఓ పూట వేసుకుని చూడండి. చంకల దగ్గర పట్టేసే జాకెట్టుతో ఏ ఆత్మవిశ్వాసమూ నిలవదు.

ఎవరైనా పలకరిస్తే 'ఫలానావారి భార్యని' అని ఆగిపోకండి. మీ పేరు చెప్పండి, అదీ వినబడేలా. 'ఏం చేస్తుంటారు?' అంటే 'ఏంలేదండీ, ఇంట్లోనే' అనడం మన ఆడవాళ్ళకి ఊతపదమైపోయింది. పొద్దుటినుంచి రాత్రిదాకా చేసేది 'ఏంలేదా'? 'ఇల్లు చూసుకుంటానండీ, ఊరగాయలు బాగా పెడతాను' అని చెప్పి చూడండి. అవతలావిడ ఆవపిండి కొలత అడక్కుండా మిమ్మల్ని వదిలితే ఒట్టు!