అడవియు దారియు

హైదరాబాదు నగరమునకు పడమటి దిక్కున జూబిలీ హిల్స్ అను ప్రదేశము కలదు. ఒకప్పుడది పెద్దపెద్ద బండలతోను, ముళ్లపొదలతోను నిండిన కొండనేల. ఆ బండలు సుమారు 250 కోట్ల సంవత్సరముల నాటివని భూగర్భశాస్త్రజ్ఞులు చెప్పుదురు. తెలుగు చలనచిత్ర పరిశ్రమ మదరాసు నుండి క్రమముగా తరలివచ్చిన పిమ్మట ఈ కొండలపై స్టూడియోలు వెలసినవి, ఫిలింనగర్ ఏర్పడినది. ఇండ్లు పెరిగినవి, బండలు పగిలినవి, బాటలు పరచుకొన్నవి.

ఈ మార్పుల నడుమ ఒక చిన్న అడవి మాత్రము మిగిలినది. దాని వైశాల్యము సుమారు 142 హెక్టారులు. 1998వ సంవత్సరములో ప్రభుత్వము దానిని జాతీయోద్యానముగా ప్రకటించి, పూర్వము ముఖ్యమంత్రిగా నుండిన కాసు బ్రహ్మానందరెడ్డి పేరు పెట్టినది. నగర మధ్యమున నెమళ్లు పురివిప్పి యాడు చోటిది.

ఈ అడవి కేవలము కంటికింపు గొలుపునది కాదు. బండలును, సిమెంటు కట్టడములును పగలంతయు ఎండను పీల్చి, రాత్రి ఆ వేడిని తిరిగి విడుచును. చెట్లట్లు కాదు. అవి వేళ్లతో నీటిని త్రాగి, ఆకుల ద్వారా ఆవిరిగా విడిచి, గాలిని చల్లబరచును. బొగ్గుపులుసు వాయువును గ్రహించును. వాననీటిని నేలలో ఇంకించును. భూగోళము నానాటికి వేడెక్కుచున్న ఈ కాలములో ఇట్టి తావు నగరమునకు నీడపట్టు వంటిది.

అయితే దారియు మానవునకు అవసరమే. ఉద్యానము చుట్టునున్న కూడళ్లలో వాహనములు బారులు తీరి నిలిచిపోవును. పనివానికి పొద్దు పోవును. రోగిని తీసికొనిపోవు వాహనమునకు దారి దొరకదు. అందుచేత ఆ కూడళ్లలో వంతెనలు కట్టుటకు ప్రభుత్వము పూనుకొన్నది. దానికై చెట్లు కూల్చవలసివచ్చునని తెలిసి, 2016లో పౌరులు కొందరు జాతీయ హరిత ట్రిబ్యునలు నాశ్రయించిరి. 2010 నాటి చట్టముచే ఏర్పడిన ఆ న్యాయపీఠము చెట్ల నరికివేతను నిలిపివేసినది.

అడవి గొప్పదా? దారి గొప్పదా? ఈ ప్రశ్నకు సమాధానముగా పుట్టినదే సుస్థిరాభివృద్ధి యను భావము. నేటివారి అవసరములు తీరవలెను. రేపటివారి అవసరములకు లోటు రాకూడదు. ఐక్యరాజ్యసమితి నియమించిన సంఘమొకటి 1987లో ఇట్లు నిర్వచించినది. అంతకుముందే, 1976లో, మన రాజ్యాంగమున 48-ఎ, 51-ఎ అధికరణములు చేర్చబడినవి. మొదటిది అడవులను కాపాడుట రాజ్యము పని యనుచున్నది. రెండవది పౌరుని విధి యనుచున్నది. వాతావరణ మార్పుల దుష్ఫలితముల నుండి రక్షణ పొందుట ప్రజల హక్కని సుప్రీంకోర్టు 2024లో పలికినది.

ఈ ధర్మము హైదరాబాదు నగరమునకు క్రొత్త కాదు. నగరమునకు త్రాగునీరిచ్చు ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ జలాశయముల చెంత ఒక నూనె కర్మాగారము స్థాపింపనెంచగా, 2000లో సుప్రీంకోర్టు సమ్మతింపలేదు. కీడు జరిగిన పిదప వగచుటకంటె, కీడు శంకించినప్పుడే ఆగుట మేలని ఆ తీర్పు సారాంశము.

అయినను చట్టము ఉన్నంతమాత్రమున సర్వము చక్కబడదు. 1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టము ననుసరించి, కేంద్రప్రభుత్వము 2020లో ఈ ఉద్యానము చుట్టును రక్షణ మండలమును నిర్ణయించినది. దాని వెడల్పు ఎక్కువైన చోట 29.8 మీటర్లు, తక్కువైన చోట 3 మీటర్లే. మూడు మీటర్లనగా ఒక చిన్న గది వెడల్పు. దానిని దాటుటకు పసిబాలునకు పది యడుగులు చాలును. 2024లో ఫిలింనగర్ కూడలితో కూడ ఆరు కూడళ్ల యందు వంతెనలును, నేలక్రింది దారులును నిర్మించు పథకము మరల వెలువడినది. వివాదమును మరల తలయెత్తినది.

కూలిన వంతెనను కొలది సంవత్సరములలో మరల కట్టవచ్చును. పగిలిన బండను అతికించుట ఎవ్వరి తరమును కాదు. నూరేండ్ల వృక్షము మరల కావలెనన్నచో నూరేండ్లు వేచియుండవలెను. కావున దారి వేయుటకు ముందు, చెట్టును తప్పించి పోవు మార్గము కలదేమో వెదకుట వివేకము. చట్టము గీత గీయగలదు. ఆ గీతను కాపాడవలసినవారు పౌరులే. నేటి బాలురే రేపటి పౌరులు గదా!